వెనింగ్ పంచిన సిగరెట్ పెట్టెలు

"ఏవండీ, మీ వస్తువొకటి జారిపోయింది. తీసుకోండి."

తూము గట్టు మీద కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు. మోకాలి లోతు కాలువ నీళ్ళలో ఒకమ్మాయి నిలబడి అతని వైపు చెయ్యి చాపి ఉంది. ఆ చేతిలో తడిసిన సిగరెట్ పీక ఉంది.

"అది నాకక్కర్లేదండీ. పారేశాను," అన్నాడతను మర్యాదగానే.

"ఎక్కడ పారేశారు?"

అతను కాలువ వైపు చూశాడు.

"ఈ కాలువే మా గుంటల్లోకి వస్తుంది. మీరు పారేశాననుకున్నది మాకు పంపించారన్నమాట. మాకూ అక్కర్లేదు, అందుకే తెచ్చిచ్చాను. ఇంతకీ ఎవరు మీరు? ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు."

"సత్రియో అంటారు. కొత్త నీరటిని. మా వోంగ్సో తాతకి మోకాళ్ళు పట్టేశాయి కదా, సోమవారం నుంచి ఈ తూములన్నీ నేనే చూసుకుంటున్నాను."

నీళ్ళలో నిలబడ్డ వెనింగ్‌కి ముందు నవ్వొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఊరి నీళ్ళు కాపాడటానికి పెట్టిన మనిషి ఊరి నీళ్ళలో పీక విసురుతున్నాడు.

"కంచే చేను మేసిందంటే వినడమే గానీ చూడటం ఇదే మొదలు," అంది. ఆ తడి పీకని అతని చెప్పు పక్కన జాగ్రత్తగా పెట్టి గట్టెక్కింది.

"పేరైనా చెప్పి వెళ్ళండి," అన్నాడు వెనకనుంచి.

"ఎందుకు, నా మీద ఫిర్యాదు చేస్తారా?"

"మళ్ళీ ఏదైనా జారిపోతే ఎవరినడగాలో తెలియాలిగా."

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే నవ్వుతున్నట్టు తెలిసిపోతుంది.

వెనింగ్ కోపం ఆ ఒక్క పీక మీద వచ్చింది కాదు. పుర్వొకెర్తోలో చేపల పెంపకం చదువుకుని, ఉద్యోగానికి వెళ్ళమ్మా అని అందరూ చెప్పినా వినకుండా సొంతూరు సుంబెర్‌లారస్‌కి తిరిగొచ్చి, నాన్న కర్సో చేతిలోని గురామి చేపల గుంటల్ని తన చేతిలోకి తీసుకుంది. గురామిలో ఇల్లు కట్టే పని మగచేపది. తాటి పీచు వేస్తే పోగు తర్వాత పోగు నోట కరుచుకుపోయి వెదురు బుట్టలో గూడు అల్లుతుంది. ఆ పనితనం నచ్చితే ఆడచేప వచ్చి గుడ్లు పెడుతుంది. మూడు వారాల కిందట వెనింగ్ ఒక గూడు విప్పి చూసింది. తేనె రంగులో ఉండాల్సిన మూడు వేల గుడ్లు తెల్లగా చచ్చిపోయి ఉన్నాయి. గూటి గోడల నిండా పీచుతో పాటు సిగరెట్ ఫిల్టర్ల దూది. మెత్తగా ఉంది కదాని ఆ పిచ్చి మగచేప దాన్నే ఏరుకొచ్చి అల్లింది.

వెనింగ్ ఆ గూడు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని, చేతివల తీసుకుని కాలువలో దిగింది. అప్పటినుంచీ రోజూ దిగుతోంది. ఇంకో రెండు గూళ్ళు కూడా అలాగే పోయాయి. ఈసారి కూడా గుడ్లు పగిలి చేపపిల్లలు రాకపోతే గుంటలు పూడ్చి అరటి వేస్తానని నాన్న చెప్పేశాడు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది, అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఊళ్ళో మగవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పీకని నీళ్ళలో పడెయ్యడం వాళ్ళకి తాతలు నేర్పిన జాగ్రత్త. తడికెల ఇళ్ళ కాలంలో నేల మీద పడేస్తే నిప్పంటుకునేది. ఆ తాతలు కాల్చింది మొక్కజొన్న పొట్టులో చుట్టిన పొగాకు, అది నాలుగు రోజుల్లో కుళ్ళి మట్టయ్యేది. పొట్టు పోయి ఫిల్టర్ వచ్చింది గానీ జాగ్రత్త మాత్రం మారలేదు.

మర్నాడు పొద్దున వల వేస్తుంటే గట్టు మీద బండి ఆగిన చప్పుడైంది.

"ఇవాళ ఏమీ జారలేదండీ. మానేశాను," అన్నాడు సత్రియో.

"సిగరెట్టా?"

"కాలువలో వెయ్యడం." చేతిలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బా ఆడించి చూపించాడు. "సిగరెట్ మానాలంటే ఇంకాస్త పెద్ద తిట్టు పడాలి."

"అడిగితే ఇస్తాను. మొహమాటపడకండి."

ఆ మర్నాడూ వచ్చాడు. మూడో రోజు లుంగీ ఎగ్గట్టి తనూ కాలువలో దిగాడు. పదో రోజుకి మీరు కాస్తా నువ్వయింది. పన్నెండో రోజు జోరున వాన పట్టుకుంటే ఇద్దరూ మేత పాకలోకి పరుగెత్తారు. వెనింగ్ ఊరుకోకుండా నేల మీద సంచి పరిచి, ఏరిన పీకలన్నీ కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది.

"ఏంటిది, ఒకే రకానివన్నీ ఒకచోట పెడుతున్నావా?"

"ఒకే మనిషివి ఒకచోట పెడుతున్నాను. ఇదిగో, ఈ అంచు కొరికినవి మా నాన్నవి. బంగారు గీత ఉన్నవి ఊరిపెద్ద హర్యోనో గారివి, అంత ఖరీదువి ఇంకెవరూ కొనరు. బడి దగ్గర ఏరినవి మాస్టారివి."

"మరి నావి?"

ఆమె ఒక చిన్న కుప్ప అతని ముందుకు తోసింది. "పద్నాలుగు. నువ్వు వచ్చిన మొదటి వారంలోనే."

సత్రియో ఆ పద్నాలుగింటినీ చాలాసేపు చూశాడు. వాన పాక చూరు మీదనుంచి ధారలు కడుతోంది. ఆమె తడిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. అతను చూపు మళ్ళించుకోవడం మర్చిపోయాడు.

"ఊళ్ళో చెబితే ఎవరూ వినరు వెనింగ్."

"చెప్పను. ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను."

అలా పుట్టింది ఆ ఆలోచన. ఆ ఊళ్ళో విందుకి పిలవాలంటే శుభలేఖ ఉండదు. ఒక సిగరెట్ పెట్టె మీద ఇంటాయన పేరు, రోజు, వేళ రాసిన చీటీ అంటించి ఇంటింటికీ ఇస్తారు. అది అందుకున్నవాడు రాకపోతే తప్పు, అందనివాడికి అవమానం. వెనింగ్ కొట్టుకు వెళ్ళి ఖాళీ పెట్టెలు అడిగి తెచ్చింది. ఎవరి పెట్టెలో వాళ్ళ పీకలు వేసింది. లోపల కాగితం మీద 'ఇవి మీవే. మిగతావి కాలువలో ఉన్నాయి. వచ్చి తీసుకోండి' అని రాసింది. పైన మాత్రం పిలుపులో రాసినట్టే పేరు, కర్సో ఇల్లు, ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు.

"మర్యాదగా పిలిచి మరీ తిట్టడమంటే ఇదే," అన్నాడు సత్రియో.

"పెట్టె తెరిస్తే అర్థమవుతుంది. తెరిచేదాకా మర్యాదే."

మొదటి పెట్టె నాన్నకిచ్చింది. కర్సో తెరిచి చూసి, మూసి, జేబులో పెట్టుకుని, కోళ్ళకి నూకలు వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

మిగతా నలభై ఇళ్ళకీ సత్రియో బండి మీద ఇద్దరూ కలిసి తిరిగారు. అతను ఇస్త్రీ చేసిన బాతిక్ అద్దకం చొక్కా వేసుకొచ్చాడు.

"పెళ్ళికెళ్తున్నట్టు ఈ చొక్కా ఏంటి?"

"పెద్దవాళ్ళ గుమ్మాలెక్కుతున్నాం. లుంగీలో వస్తే బాగుంటుందా?"

మగవాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. ఆడవాళ్ళు వచ్చి రెండు చేతులతో పెట్టె అందుకుని, సిగరెట్లు మగవాళ్ళవి కాబట్టి తెరవకుండా పైన చీటీ మాత్రం చదివి, ఒకసారి వెనింగ్‌నీ ఒకసారి బండి మీది కుర్రాణ్ణీ చూసి నవ్వారు. పక్కింటి జుమిలా పిన్ని అయితే వెనింగ్ చెంప నిమిరింది.

"మంచిపని చేశావే అమ్మాయ్. ఎప్పటి పని అప్పుడే అయిపోవాలి."

"అదే కదా పిన్నీ. ఇప్పటికే ఆలస్యమైంది," అంది వెనింగ్, కాలువ గురించి అనుకుని.

వెనక సత్రియోకి దగ్గొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఎవరైనా ఇంటి మీదకొస్తారని వెనింగ్ నడుం కట్టి కూర్చుంటే ఒక్కడూ రాలేదు. మగవాళ్ళు ఆమె ఎదురుపడితే తేలు కుట్టిన దొంగల్లా పక్క సందులోకి తిరిగిపోయారు. పెట్టె తెరిచి తన పీకలు తనే చూసుకున్నవాడు ఆ సంగతి పెళ్ళానికి ఏమని చెబుతాడు? ఒక్కడూ చెప్పలేదు. వెనింగ్ లెక్క తప్పింది సరిగ్గా అక్కడే.

శనివారం మధ్యాహ్నం హర్యోనో గారు స్వయంగా వచ్చారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని, వెనింగ్ తల్లి తుమినా ఇచ్చిన టీ తాగి, పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. తూముల సంగతి మాట్లాడాలని సత్రియోని కూడా వెంటబెట్టుకొచ్చారు.

"చదువుకున్నదానివి. పెద్దవాళ్ళకి ఎంగిలి పీకలు పంపించడం ఏం మర్యాదమ్మా?"

"మా గుంటల్లోకి ఎంగిలి పీకలు పంపించడం ఏం మర్యాద బాబాయ్?"

"వెనింగ్," అంది తల్లి గుడ్లురుముతూ.

"రేపు తొమ్మిదింటికి రమ్మన్నావుగా. వస్తాం. అందరి ముందూ క్షమాపణ చెప్పు. చెబితే ఇక్కడితో అయిపోతుంది. చెప్పకపోతే మీ గుంటల తూము మూయిస్తాను. ఊరి నీళ్ళు ఊరిని గౌరవించేవాళ్ళకి."

"చెప్పను," అంది వెనింగ్. "తప్పు నాదైతే కాళ్ళు పట్టుకునేదాన్ని. నాది కాదు."

హర్యోనో గారు సత్రియో వైపు తిరిగారు. "విన్నావుగా నీరటీ. రేపు తూము మూసే పని నీది."

"అలాగేనండీ. మూస్తాను," అన్నాడు సత్రియో.

వెనింగ్ అతన్ని చూసింది. అతను ఆమెని చూడలేదు. ఆయన వెనకే గేటు దాటి వెళ్ళిపోయాడు. గుంటలు పోతాయన్న భయం కన్నా ఆ 'అలాగేనండీ' ఎక్కువ మండింది. ఇన్ని రోజులు పక్కన నిలబడి పీకలేరిన మనిషి ఒక్క మాటకి వంగిపోయాడు. సరే, ఎవరున్నా లేకపోయినా తను వంగేది లేదనుకుంది. అనుకున్నాక ఒంటరిగా మేత పాకలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఆరు గంటలకే గుమ్మం ముందు సందడి వినిపించి తుమినా తలుపు తీసింది. జుమిలా పిన్ని, ఆమె వెనక ఇరవై మంది ఆడవాళ్ళు. నెత్తిన బియ్యం గంపలు, చేతుల్లో కొబ్బరికాయలు, కోళ్ళు, బెల్లం.

"పొయ్యి ఇంకా వెలిగించలేదేంటి వదినా? అమ్మాయి నిశ్చితార్థం పెట్టుకుని ఇంత నింపాదా?"

"ఎవరి నిశ్చితార్థం?" అంది తుమినా.

ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెతకి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సిగరెట్ పెట్టె అందింది, పెళ్ళీడు పిల్ల ఇచ్చింది, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు బండి తోలాడు. ఇంకేం కావాలి? వెనింగ్ తల పట్టుకుంది. ఆమె చెప్పేలోపే ఎవరో పొయ్యి అంటించారు, ఎవరో కొబ్బరి కోరుతున్నారు.

తొమ్మిదయ్యేసరికి మగవాళ్ళు బాతిక్ చొక్కాల్లో నేల చూపులు చూస్తూ వచ్చి కాలువ గట్టున వరసగా నిలబడ్డారు. హర్యోనో గారు కుర్చీలో కూర్చున్నారు. సత్రియో ఎక్కడా లేడు. ఆయన నోరు తెరవబోతుంటే వోంగ్సో తాత కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు.

"ముందు నా సంగతి తేల్చండి. నలభై ఇళ్ళకి పెట్టె ఇచ్చి నాకివ్వలేదు. నా మనవడి నిశ్చితార్థానికి నాకే పిలుపు లేదా? నలభయ్యేళ్ళు ఈ ఊరికి నీళ్ళు పెట్టినందుకా ఇది?"

"అది నిశ్చితార్థం పిలుపు కాదు తాతా," అంది వెనింగ్. ఆ పైన అందరికీ వినబడేలా చెప్పింది. "ఆ పెట్టెల్లో పీకలున్నాయి. ఎవరి పెట్టెలో వాళ్ళవి. పిన్నీ, నమ్మకం లేకపోతే మీ ఆయన జేబులో చూసుకో. నీకెందుకివ్వలేదంటే, నువ్వు కాల్చేది పొట్టు చుట్ట తాతా. అది మట్టిలో కలిసిపోతుంది. నీకు తిరిగివ్వడానికి కాలువలో ఏమీ దొరకలేదు."

ఆడవాళ్ళు మొగుళ్ళ వైపు తిరిగారు. కొబ్బరి కోరడం ఆగిపోయింది.

"ఇప్పుడు క్షమాపణ చెప్పు," అన్నారు హర్యోనో గారు.

"చెప్పనని నిన్ననే చెప్పాను. మీరు తూము మూయించుకోండి. చేపలు చస్తే చచ్చిన చేపల్ని కూడా ఇంటింటికీ తెచ్చిస్తాను."

"మూసేశారు," అన్నాడు కర్సో మెల్లగా. ఆయన కాలువలోకి చూస్తున్నాడు.

అందరూ చూశారు. నీళ్ళు తగ్గిపోతున్నాయి. వెనింగ్ గుంటల్లోకి పోయే చిన్న తూము తెరిచే ఉంది. తగ్గుతున్నది కాలువే. మోకాలి లోతు చీలమండ దాకా దిగింది. నీటి పొర మిగిలింది. అదీ పోయింది.

అడుగున మట్టి కనబడలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, బడి మలుపు నుంచి మసీదు మెట్ల దాకా, పసుపుపచ్చగా నానిపోయిన పీకలు పరుచుకుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆమె వలకి చిక్కినవి పైన తేలినవే. అడుగున ఏళ్ళవి పేరుకున్నాయి.

సత్రియో గట్టు వెంట నడిచి వచ్చాడు. లుంగీ తడిసి బురదగా ఉంది.

"చిన్న తూము మూయమంటే పెద్ద తూము మూశావేం?" అన్నారు హర్యోనో గారు.

"పంట కారుకొకసారి కాలువ ఆపి శుభ్రం చేయించడం నీరటి హక్కండీ, ఏళ్ళుగా ఎవరూ వాడుకోలేదంతే. తాత నేర్పాడు."

"తెరువు."

"బాగయ్యాక తెరుస్తాను."

"నీ పని పీకించేస్తాను."

"సాయంత్రం పీకించండి. అప్పటిదాకా నీరటిని నేనే." అతను జేబులోంచి తన పెట్టె తీసి ఎత్తి చూపించాడు. "ఇందులో పద్నాలుగున్నాయి. నీళ్ళు కాసేవాణ్ణి, నేనే వేశాను. క్షమాపణ ఎవరైనా చెప్పాలంటే అది నేను, వెనింగ్ కాదు." అని అందరి ముందూ ఆమె వైపు తిరిగి తల వంచాడు. తర్వాత కాలువలో దిగాడు.

అతని వెనక కర్సో లుంగీ ఎగ్గట్టి దిగాడు. మాస్టారు దిగాడు. హర్యోనో గారి భార్య కొబ్బరి చిప్ప కింద పెట్టి, భర్త వైపు ఒక్క చూపు చూసి, బుట్ట తీసుకుని దిగింది. ఆ చూపుకి ఆయన కుర్చీలోంచి లేవక తప్పలేదు. ఆయన ఇంటి వంతెన కింద బంగారు గీతలు ఎండకి మెరుస్తున్నాయి, అవి ఎవరివని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మధ్యాహ్నానికి ఎనభై మూడు బస్తాలయ్యాయి. వెనింగ్, సత్రియో పక్కపక్కన వంగి ఏరుతున్నారు.

"నిన్న ఆ 'అలాగేనండీ' ఏంటి? రాత్రంతా నిన్ను తిట్టుకున్నాను."

"ముందే తెలిస్తే హర్యోనో గారు తూముల తాళం లాక్కునేవారు. నువ్వు నన్ను తప్పుగా అనుకుంటావని తెలుసు, బాధేసింది కూడా."

"ఇంకోటి. ఆ పెట్టెలు చూసి ఊరేమనుకుంటుందో నీకెప్పుడు తెలిసింది?"

సత్రియో బుట్టలోకి చూస్తూ అన్నాడు, "నాలుగో ఇంట్లో. అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి మగపిల్లాడు పుట్టాలని దీవించింది."

"ఇంకా ముప్ఫయ్యారు ఇళ్ళు తిరిగాం. ఒక్క మాట చెప్పలేదు."

"నాకు బాగుంది, అందుకని. అది నిజమైతే ఇంకా బాగుంటుందనిపించింది. నువ్వంటే ఇష్టం వెనింగ్. కాలువలో నిలబడి నా పీక నాకు చాపిన రోజు నుంచీ. ఈ ఊరంతా ఒక పక్క ఉన్నా నువ్వు నిలబడ్డ పక్కే నిలబడతాను. సాయంత్రానికి నాకు ఉద్యోగం ఉండకపోవచ్చు, అది కూడా చూసుకుని చెప్పు."

వెనింగ్ కళ్ళు నిండాయి. ఏదో అనబోయింది. గట్టు మీంచి తల్లి కేకేసింది.

"అన్నం ఉడికింది, కూర దిగింది. తెచ్చిన బియ్యం ఎవరూ వెనక్కి తీసుకుపోరట, అరిష్టమట. ఏ విందని చెప్పి వడ్డించమంటావే?"

కాలువలో ఉన్న నూటపాతిక మందీ నడుములెత్తి చూశారు. మోకాళ్ళ వల్ల గట్టు మీదే కుర్చీ సంపాదించిన వోంగ్సో తాత కర్రెత్తాడు. "మా వైపు పెద్దని నేనున్నాను. నాకు సమ్మతమే. పిల్లనడగండి."

వెనింగ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. బురద చొక్కా నిండా అంటింది.

"నిశ్చితార్థమనే చెప్పి వడ్డించమ్మా. కానీ ముందే చెబుతున్నాను, వచ్చినవాళ్ళకిచ్చే పళ్ళెంలో సిగరెట్లుండవు. ఇవాళా ఉండవు, పెళ్ళిలోనూ ఉండవు."

"సిగరెట్ పెట్టకుండా పెళ్ళా? ఎవరొస్తారే?" అంది తుమినా, నిజంగానే బెంగపడి.

"రానివాళ్ళు రాకపోతే పోయె. నాకు కావాల్సినవాడు ఇక్కడున్నాడు," అని వెనింగ్ ఊరంతా చూస్తుండగా సత్రియో బురద చెయ్యి పట్టుకుంది.

మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హర్యోనో గారు గట్టెక్కి, చేతులు కడుక్కుని, అందరికన్నా ముందు వెళ్ళి చాప మీద కూర్చుని, "వడ్డించమ్మా, ఆకలేస్తోంది," అన్నారు.